పక్షవాతం తర్వాత చెయ్యి కోసం: అద్దమా, కరెంటా, బాగున్న చేతిని కట్టేయడమా?

నాన్నగారికి స్ట్రోక్ వచ్చిన మూడో వారంలో కాలు కొంచెం కొంచెంగా మాట వినడం మొదలుపెట్టింది. చెయ్యి మాత్రం ఎవరో పక్కన పెట్టి మర్చిపోయిన వస్తువులా పడి ఉండేది. చూడటానికి వచ్చినవాళ్లు తలో మాట చెప్పారు. ఒకరు అద్దం పెట్టించమన్నారు. ఒకరు కరెంటు పెట్టిస్తే లేస్తుందన్నారు. ఇంకొకరు బాగున్న చేతిని కట్టేస్తే ఈ చెయ్యి చచ్చినట్టు పని చేస్తుందన్నారు.

మేము ముందు మూడోది చేశాం, ఎవరినీ అడగకుండా. వేళ్లు పిసరంత కూడా కదలని మనిషికి ఉన్న ఒక్క చెయ్యీ గుడ్డతో చుట్టేశాం. దాహం వేసి పక్కనే ఉన్న గ్లాసు అందుకోలేక, మమ్మల్ని పిలవడానికి మనసు రాక, నాన్నగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. పద్ధతి మంచిదే. ఆ వారం ఆ చేతికి అది పనికిరాదన్న సంగతి మాకు తెలియలేదు. ఇంకో ఇంట్లో అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ఏ పద్ధతి గొప్పది అని అడిగితే జవాబు దొరకదు. ఈరోజు ఈ చెయ్యి ఏం చేయగలదు అని అడిగితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. అందుకే ముందు చేతిని చూద్దాం, తర్వాత పద్ధతులు.

## ముందు చేతిని పరీక్షగా చూడండి

బల్ల ముందు కూర్చోబెట్టి ముంజేతిని బల్ల మీద ఆనించండి. అరచెయ్యి కిందికి ఉండాలి, మణికట్టు నుంచి వేళ్ల దాకా బల్ల అంచు దాటి కిందికి వేలాడాలి. ఇప్పుడు మూడు పనులు అడగండి: మణికట్టు పైకెత్తడం, వేళ్లు చాచడం, బొటనవేలిని పక్కకు తీయడం. తొందరపెట్టొద్దు. ఒక్కోసారి మెదడు నుంచి మాట వేలికి చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది. మీరు "రాలేదులే" అని చూపు తిప్పుకున్నాక కదులుతుంది. గుప్పిట మూయడం వచ్చినంత మాత్రాన సంతోషపడిపోకండి. పక్షవాతం తర్వాత మూయడం తేలిగ్గా తిరిగొస్తుంది, విప్పడమే కష్టం. ఇక్కడ లెక్కలోకి వచ్చేది విప్పడం.

కనపడినదాన్ని బట్టి చేతిని మూడు రకాలుగా అనుకోవచ్చు.

కదలని చెయ్యి: మణికట్టులో, వేళ్లలో ఏమీ లేదు. భుజంలో కొంచెం ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

మినుకుమినుకుమనే చెయ్యి: ఒకసారి కదులుతుంది, ఒకసారి కదలదు. ఒక వేలు, కొన్ని డిగ్రీలు. పొద్దున ఉంటుంది, సాయంత్రం అలసిపోతే ఉండదు.

పట్టుకోగల చెయ్యి: మణికట్టు 20 డిగ్రీలు పైకి లేస్తుంది, వేళ్లు కనీసం 10 డిగ్రీలు విప్పుకుంటాయి, అడిగినప్పుడల్లా చేస్తాయి.

ఈ 20, 10 నేను వేసిన గీతలు కావు. బాగున్న చేతిని కట్టేసే పద్ధతిని పరీక్షించిన పెద్ద అధ్యయనాల్లో, కాస్త మెరుగ్గా ఉన్న చేతులను చేర్చుకోవడానికి దాదాపు ఇదే హద్దు పెట్టుకున్నారు.

ఆ చిన్న కదలిక ఎంత విలువైనదో ఒక్క లెక్క చెబుతుంది. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, స్ట్రోక్ వచ్చిన 72 గంటల్లోపు వేళ్లు కాస్త చాచగలిగి, చేతిని భుజం నుంచి కాస్త పక్కకు ఎత్తగలిగినవాళ్లకు, ఆరు నెలల తర్వాత చేతిలో కొంతైనా పనితనం తిరిగొచ్చే అవకాశం 98 శాతం ఉంది. రెండూ లేనివాళ్లకు 25 శాతం. అంటే మొదట్లో ఏమీ లేనివాళ్లలోనూ నలుగురిలో ఒకరికి వచ్చింది. "ఇక రాదు" అని మూడో రోజే తేల్చేసేవాళ్ల మాట వినకండి.

చేతి తర్వాత చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మనిషి పది నిమిషాలు ఒక దాని మీద దృష్టి పెట్టగలరా? చెప్పింది అర్థమవుతోందా? మాట పోయినా ఫర్వాలేదు, చేసి చూపిస్తే అందుకుంటే చాలు. ఒకవైపు ప్రపంచమే లేనట్టు ప్రవర్తిస్తున్నారా, కంచంలో సగం వదిలేస్తున్నారా? భుజం నొప్పి ఉందా? గుండెకు పేస్‌మేకర్ ఉందా, ఫిట్స్ వచ్చాయా? చివరిది, అందరూ దాటేసేది: రోజూ అరగంట పక్కన కూర్చునే మనిషి ఎవరు? ఆ పేరు చెప్పలేకపోతే ఏ పద్ధతి ఎంచుకున్నా రెండో వారంలో ఆగిపోతుంది.

## అద్దం: మిర్రర్ థెరపీ

రెండు చేతుల మధ్య అద్దం నిలబెడతారు. బాగున్న చెయ్యి అద్దం ముందు, పడిపోయిన చెయ్యి అద్దం వెనక. బాగున్న చేతిని కదిలిస్తూ అద్దంలోకి చూస్తే, కదలని చెయ్యే కదులుతున్నట్టు కనపడుతుంది. కళ్లు చెప్పేదాన్ని మెదడు తేలిగ్గా కొట్టిపారేయలేదు.

ఈ ఆలోచన మెదడు మీద పరిశోధనలు చేసే వి.ఎస్. రామచంద్రన్‌ది. 1990లలో, చెయ్యి తీసేసిన తర్వాత కూడా లేని చేతిలో నొప్పి పడేవాళ్ల కోసం మొదలైంది. 1999లో ఆయనా, సహచరులూ స్ట్రోక్ వచ్చిన తొమ్మిది మంది మీద ప్రయత్నించి లాన్సెట్ పత్రికలో రాశారు. అప్పటి నుంచి చాలా పరీక్షలు జరిగాయి. 2018లో కాక్రేన్ (వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష 62 అధ్యయనాలను, 1,982 మందిని కలిపి చూసింది. కదలికలోనూ, రోజువారీ పనుల్లోనూ ఇది మేలు చేస్తోందని, మామూలు చికిత్సకు తోడుగా వాడుకోవచ్చని తేల్చింది. "తోడుగా" అన్న మాట గట్టిగా పట్టుకోండి. అద్దం ఒక్కటే పెట్టుకుని ఫిజియోథెరపీ మానేయడానికి ఇది అనుమతి కాదు.

దీని గొప్పతనం ఏమిటంటే, పూర్తిగా కదలని చేతికి కూడా చేయించదగ్గ పని ఇస్తుంది. జర్మనీలో 36 మందితో జరిగి 2009లో వచ్చిన అధ్యయనంలో, మొదట వేళ్లు అసలు కదలనివాళ్లలోనే వేళ్ల కదలిక విషయంలో అద్దం తేడా చూపించింది. మిగతా పద్ధతుల్లో చాలావరకు "ముందు కొంచెం కదలాలి" అంటాయి. అద్దం ఆ షరతు పెట్టదు.

లోపాలూ ఉన్నాయి. విసుగొస్తుంది. చూపు నిలపలేనివాళ్లకు పనిచేయదు. కొందరికి తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. కొందరు మొదటిసారి ఆ చెయ్యి కదలడం చూసి ఏడ్చేస్తారు. నాన్నగారు ఏడ్చారు. అప్పుడు అద్దం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చోవాలి.

## ఊహలో సాధన

కళ్లు మూసుకుని, పడిపోయిన చేత్తో గ్లాసు అందుకుంటున్నట్టు, చల్లటి గాజు వేళ్లకు తగులుతున్నట్టు, లోపలి నుంచి అనుభవిస్తూ ఊహించుకోవడం. సినిమాలో ఎవరినో చూసినట్టు కాకుండా, తన చెయ్యే చేస్తున్నట్టు ఉండాలి. చికిత్సకు ఇది కూడా జోడిస్తే, చికిత్స ఒక్కటే చేసినదానికంటే మెరుగని సమీక్షలు చెబుతున్నాయి. పరికరం అక్కర్లేదు, మంచం మీద పడుకుని చేసుకోవచ్చు. కాకపోతే మనిషి నిజంగా ఊహిస్తున్నారో, కునుకు తీస్తున్నారో పక్కవాళ్లకు తెలియదు. అందుకే నేను దీన్ని ఒంటరిగా సిఫార్సు చేయను. అద్దం ముందు కూర్చునే ముందు ఐదు నిమిషాలు చేస్తే బాగుంటుంది.

## కరెంటు పెట్టడం: విద్యుత్ ప్రేరణ

ముంజేతి పైభాగాన అంటించిన ప్యాడ్ల ద్వారా చిన్న కరెంటు పంపితే మణికట్టు, వేళ్లు పైకి లేస్తాయి. రోజూ చూసేవాళ్లకు ఇది అద్భుతంలా అనిపిస్తుంది, ఎందుకంటే నిజమైన చెయ్యి నిజంగానే లేస్తుంది. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. మిషన్ పెట్టేసి, మనిషి టీవీ చూస్తూ కూర్చుంటే కండరం పనిచేస్తుంది కానీ మెదడు పనిచేయదు. కరెంటు వచ్చే క్షణంలోనే "ఎత్తుతున్నాను" అని మనిషి కూడా ప్రయత్నించాలి. ఇంకా మంచిది, చెయ్యి విప్పుకున్నప్పుడు ఒక వస్తువు అందించి పట్టించడం.

పేస్‌మేకర్ ఉంటే డాక్టర్ ఒప్పుకోకుండా దీని జోలికి వెళ్లొద్దు. అదుపులో లేని ఫిట్స్, గర్భం, ఆ చేతిలో రక్తం గడ్డ లేదా క్యాన్సర్ ఉన్నా అంతే. చర్మానికి స్పర్శ తెలియనివాళ్లలో కాలినా తెలియదు కాబట్టి ప్యాడ్ తీసిన ప్రతిసారీ చర్మం చూడాలి. మొదటి కొన్నిసార్లు ఫిజియోథెరపిస్టే పెట్టాలి. ప్యాడ్ రెండు వేళ్లు పక్కకు జరిగితే మణికట్టు లేవాల్సిన చోట గుప్పిట మూసుకుంటుంది.

## బాగున్న చేతిని కట్టేయడం

అలబామా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ టాబ్ పరిశోధనల నుంచి వచ్చిన పద్ధతి. పడిపోయిన చేత్తో రెండుమూడుసార్లు ప్రయత్నించి, ఓడిపోయి, మనిషి దాన్ని వాడటమే మానేస్తారు. తర్వాత చేతికి శక్తి వచ్చినా అలవాటు రాదు. బాగున్న చేతికి మందపాటి తొడుగు వేస్తే ఆ అలవాటు విరుగుతుంది.

ఆధారాల్లో ఇది గట్టిది. 2006లో వచ్చిన ఎక్సైట్ అధ్యయనంలో, స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందిని చూశారు. చికిత్స పొందినవాళ్లు రెండు వారాలు మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం తొడుగు వేసుకున్నారు, రోజుకు 6 గంటల దాకా సాధన చేశారు. ఏడాది తర్వాత కూడా తేడా నిలిచింది. ఇంత గట్టి మోతాదు ఇంట్లో కుదరదు కాబట్టి, రోజుకు అరగంట నుంచి మూడు గంటల సాధనతో ఎక్కువ వారాలు సాగే తేలిక రకాలు వచ్చాయి.

రెండు జాగ్రత్తలు. మొదటిది, కదలని చేతికి ఇది వద్దు. రెండోది, మొదటి వారాల్లో ఎక్కువ మోతాదు వద్దు. 2009లో వచ్చిన వెక్టార్స్ అధ్యయనంలో, స్ట్రోక్ తర్వాత తొందరగా మొదలుపెట్టి ఎక్కువ గంటలు చేసినవాళ్లు, తక్కువ చేసినవాళ్లకంటే వెనకబడ్డారు. నడిచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, వేడి వస్తువుల దగ్గర తొడుగు తీసేయాలి. పడిపోబోతే ఆదుకునేది ఆ చెయ్యే.

## పని చేస్తూ నేర్చుకోవడం

పేరు గొప్పగా లేదు కాబట్టి దీన్ని ఎవరూ పట్టించుకోరు. నిజానికి మిగతావన్నీ చివరికి దీంట్లోకే రావాలి. గ్లాసు పట్టుకుని ఇటు నుంచి అటు పెట్టడం, తువ్వాలు మడవడం, సీసా మూత తిప్పడం, స్విచ్ వేయడం. ఒకే పనిని వందసార్లు, కాస్త కష్టంగా ఉండేలా. ఒక అమెరికన్ పరిశీలనలో థెరపీ సెషన్‌లో చెయ్యి నిజంగా ఉపయోగపడే పని చేసింది సగటున 32 సార్లే అని తేలింది. జంతువుల మీద మెదడు మార్పులు చూపించిన ప్రయోగాల్లో రోజుకు వందల్లో చేయించారు. ఆ తేడా పూడ్చాల్సింది ఇల్లే.

## రోబోలు, గేమ్‌లు, ఇంప్లాంట్లు

ఇవి త్వరగా చెప్పేస్తాను. బ్రిటన్‌లో 770 మందితో జరిగి 2019లో వచ్చిన రాటల్స్ అధ్యయనంలో, రోబో సాయంతో చేసిన శిక్షణ మామూలు చికిత్సకంటే చేతి పనితనాన్ని మెరుగుపరచలేదు. 2016లో వచ్చిన ఎవ్‌రెస్ట్ అధ్యయనంలో వీడియో గేమ్‌లు ఆడించినవాళ్లూ, పేకలూ బంతీ ఆడించినవాళ్లూ దాదాపు సమానంగానే బాగుపడ్డారు. మీకు అందుబాటులో ఉంటే, మనిషికి ఉత్సాహం వస్తే వాడండి. లేవని టెన్షన్ పడకండి, అప్పు చేయకండి.

మెడలోని వేగస్ నాడికి పరికరం అమర్చి సాధనతో కలిపి ఇచ్చే చికిత్సకు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. 108 మంది మీద చేసిన పరీక్షలో మేలు కనపడింది. ఆపరేషన్ కావాలి, అదీ స్ట్రోక్ వచ్చి చాలా నెలలు గడిచి, మిగతావి చేసి చూశాక ఆలోచించే మాట.

## ఒక చూపులో

| పద్ధతి | చేతిలో ఎంత కదలిక ఉండాలి | పక్కన మనిషి | ఎవరికి వద్దు |
|---|---|---|---|
| అద్దం | ఏమీ లేకపోయినా సరే | మొదటి వారాల్లో తప్పనిసరి | దృష్టి నిలపలేనివాళ్లు, తల తిరిగేవాళ్లు |
| ఊహ సాధన | ఏమీ లేకపోయినా సరే | గుర్తుచేయడానికి | మాట అర్థం కానివాళ్లు |
| కరెంటు | ఏమీ లేకపోయినా సరే | నేర్చుకునేదాకా థెరపిస్ట్ | పేస్‌మేకర్, అదుపులో లేని ఫిట్స్ |
| కట్టేయడం | మణికట్టు 20, వేళ్లు 10 డిగ్రీలు | పడిపోకుండా చూడటానికి | కదలని చెయ్యి, తూలేవాళ్లు |
| పని సాధన | కొంచెమైనా పట్టు | లెక్కపెట్టడానికి | నొప్పి పెరిగితే ఆపి అడగాలి |

## ఎవరు ఏది పట్టుకోవాలి

చెయ్యి కదలకపోతే నా మాట అద్దం. థెరపిస్ట్ దగ్గర కరెంటు ఉంటే రెండూ. రెండిట్లో ఒకటే కుదిరితే, మనిషి శ్రద్ధగా చూడగలిగితే అద్దం. మాట అర్థం కాక చూపు నిలవకపోతే కరెంటు. తొడుగు మాట ఎత్తొద్దు.

మినుకుమినుకుమంటుంటే అద్దం ఆపకండి, కానీ పద్ధతి మార్చండి. ఇప్పుడు అద్దం వెనకున్న చెయ్యి కూడా అదే పని చేయడానికి ప్రయత్నించాలి. తర్వాత అద్దం తీసేసి అదే కదలికను ఒక వస్తువుతో చేయించాలి. మణికట్టు ఎత్తడం వస్తోందా, వేలి కొసతో పేపర్ కప్పు తోయించండి.

పట్టుకోగలిగితే అద్దానికి ఇచ్చే సమయం తగ్గించి, పని సాధనకూ తొడుగుకూ ఇవ్వండి. ఇక్కడ చాలామంది అద్దాన్నే పట్టుకుని వేలాడతారు, ఎందుకంటే అందులో చెయ్యి అందంగా కదులుతుంది. నిజం చెయ్యి వంకరగా, నెమ్మదిగా, వణుకుతూ కదులుతుంది. అయినా ఆ వంకర చెయ్యే గ్లాసు ఎత్తాలి.

స్ట్రోక్ వచ్చి ఏడాది దాటిపోతే ఇక అంతా అయిపోయినట్టు మాట్లాడకండి. మొదటి మూడు నెలల్లో వచ్చినంత వేగం ఉండదు, నిజమే. 1999లో అద్దం ప్రయత్నించింది పాత కేసుల మీదే. చేతిలో కదలిక ఉండి వాడని అలవాటు ఉంటే తొడుగు బాగా పనికొస్తుంది.

భుజం నొప్పి, చెయ్యి వాపు ఉంటే ముందు వాటికి వైద్యం. చేతిని పట్టుకుని లాగి లేపడం ఇంట్లో అందరూ మానాలి, అదే చాలా నొప్పులకు మూలం. బిగుసుకుపోయిన కండరాలకు బొటాక్స్ ఇంజెక్షన్ బిగుతు తగ్గిస్తుంది, కానీ కదలిక అదే తెచ్చిపెట్టదు. తర్వాత సాధన ఉంటేనే దానికి అర్థం.

## అద్దం సరిగ్గా పెట్టడం

అద్దం ఎంచుకున్నవాళ్ల కోసం, మేము నేర్చుకున్నవి. అద్దం మోచేతి దాకా కనపడేంత ఉండాలి. గాజుదానికంటే అక్రిలిక్ మంచిది, పడితే పగలదు. ఉంగరం, వాచీ తీసేయండి. ఒక చేతికే ఉంగరం ఉంటే మెదడు మోసపోదు, "ఇది అవతలి చెయ్యి" అని పట్టేస్తుంది. నాన్నగారికి మూడు రోజులు ఏమీ అనిపించకపోవడానికి కారణం ఆయన వాచీయే.

పడిపోయిన చేతిని అద్దం వెనక, బాగున్న చెయ్యి ఎలా ఉందో అలాగే పెట్టండి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ చేయకుండా అద్దంలో చేతిని చూడమనండి. తర్వాత మణికట్టు ఎత్తడం, అరచెయ్యి తిప్పడం, గుప్పిట విప్పడం, బొటనవేలిని ఒక్కో వేలికి తాకించడం. చాలా నెమ్మదిగా. వేగంగా చేస్తే భ్రమ పోతుంది. చూపు బాగున్న చేతి మీదికి జారుతూనే ఉంటుంది, మీ పని మెల్లగా "అద్దంలో చూడండి" అనడమే. చాలా అధ్యయనాల్లో రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు, 4 వారాలు చేయించారు. అరగంట ఒకేసారి కష్టమైతే రెండు పావుగంటలు చేయండి. ఆ సమయంలో ఫోన్ మోగకూడదు, టీవీ ఉండకూడదు.

మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత రెండు వారాలకోసారి, బల్ల అంచు దగ్గర అదే మూడు పనులు చేయించి ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. రోజూ చూసే కళ్లకు మార్పు కనపడదు. నాలుగు వారాల తర్వాత ఆ వీడియోలతో థెరపిస్ట్ దగ్గరికి వెళ్లండి. కదలిక పెరిగితే తర్వాతి పద్ధతి ఎప్పుడు కలపాలో అడగండి. ఏమీ మారకపోతే కరెంటు జోడించాలా, మోతాదు పెంచాలా, ఇంకేదైనా అడ్డుపడుతోందా అని అడగండి. చెయ్యి ఉన్నట్టుండి ఇంకా బలహీనమైతే, మాట ముద్దయితే, మూతి వంకరపోతే మాత్రం థెరపిస్ట్ కోసం చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి.

నాన్నగారికి మొదట కదిలింది బొటనవేలు, ఐదో వారంలో, అద్దం తీసేశాక. ఇప్పటికీ చొక్కా బొత్తాలు పెట్టుకోలేరు. కానీ ఎడమ చెయ్యి రాస్తుంటే కుడి చెయ్యి కాగితం జరక్కుండా పట్టుకుంటుంది.